ముత్యం లేని చిప్ప

స్వాతికార్తెలో కురిసిన చినుకు ముత్యపుచిప్పలో పడితే ముత్యమవుతుందని మన పెద్దలు చెప్పినారు. సత్సాంగత్యమహిమను బోధించవలసివచ్చినప్పుడెల్లా మన కవులు ఆ చిప్పనే ఆశ్రయించినారు. తరగతిగదిలో ఈ మాట చెప్పని తెలుగు ఉపన్యాసకుడు ఉండడు; పాతికేండ్లకు పైబడి నేనూ చెపుతున్నాను. మొన్న ఒకనాడు పాఠం మధ్యలో ఒక విద్యార్థిని లేచి నిలుచుండి, “మరి చినుకు పడని చిప్పల మాటేమిటి సార్?” అని అడిగినది. తరగతి అంతా గొల్లున నవ్వినది. నేనూ నవ్వి, “అవి చిప్పలుగానే ఉండిపోతాయమ్మా” అని పుస్తకం మూసినాను.

సాయంకాలం ఇంటికి మరలివస్తూ నాగోలు వంతెన మీద కాసేపు నిలుచున్నాను. క్రింద నురగలు కక్కుతూ నల్లగా పారుతున్న మూసీని చూస్తూ ఉంటే ఆ ప్రశ్న తిరిగి గుర్తుకు వచ్చినది. నేను చెప్పిన సమాధానం తప్పు. చినుకు పడని చిప్పలు చిప్పలుగా ఉండిపోవు. వాటిని మనం కాల్చి సున్నం చేస్తాము. ఈ సంగతి నాకు పుస్తకాల వలన తెలిసినది కాదు. చిన్ననాడు వాటిని బుట్టలకెత్తి బట్టీకి మోసిన పిల్లలలో నేనూ ఒకడిని.

మాది సూళ్లూరుపేటకు తూర్పున, పులికాట్ సరస్సు ఒడ్డున ఉన్న ఒక పల్లె. నాడది నెల్లూరు జిల్లా. 2022 నుండి తిరుపతి జిల్లా. సుమారు 450 చదరపు కిలోమీటర్ల మేర పరచుకొని ఉన్న ఆ సరస్సు, ఉప్పునీటి సరస్సులలో చిలక తరువాత మన దేశాన రెండవది. అందులో పెక్కుభాగం ఆంధ్రదేశానిది, దక్షిణపు కొస తమిళులది. ఆరణి, కాళంగి నదుల తీపినీరు ఒకవైపు నుండి, బంగాళాఖాతపు ఉప్పునీరు మరొకవైపు నుండి వచ్చి అక్కడ కలుస్తాయి. సరస్సుకూ సముద్రానికీ నడుమ శ్రీహరికోట దీవి గోడవలె నిలిచి ఉన్నది. ‘ప్రళయకావేరి’ అనే పాతపేరును స. వెం. రమేశ్ తమ కథల సంపుటికి పెట్టి, ఆ దీవుల జీవితాన్ని తెలుగు పాఠకులకు పరిచయం చేసినారు. చలికాలంలో జనం ఎర్రకాళ్ల రాజహంసలను చూడటానికి వస్తారు. తక్కిన రోజులలో శ్రీహరికోట నుండి ఎగిరే రాకెట్లను చూడటానికి వస్తారు. అందరి చూపులూ ఆకాశం వైపే. నీటి అడుగుకు చూచేవారు అరుదు.

ఆ అడుగున ఉన్నవి ఆలుచిప్పలు. బ్రతికి ఉన్నవి కొన్ని, చచ్చినవి వేలు. పొరలు పొరలుగా, తరతరాలుగా పేరుకొన్నవి. చిప్పనే మా వైపు గుల్ల అని కూడా అంటారు. గుల్లను కాల్చగా వచ్చినది గుల్లసున్నం. రాతిసున్నం కంటె అది తెల్లనిదనీ, మెత్తనిదనీ, తాంబూలానికి శ్రేష్ఠమనీ పేరు. వెన్నెలలో మెరిసిన మా మిద్దెలన్నీ గుల్లసున్నపు పూతలే. ఊరి చివర ఒక బట్టీ ఉండేది. బుట్టెడు గుల్లలు పోస్తే చేతిలో కొన్ని పైసలు పెట్టేవారు. సెలవులలో మా పని అదే. నీరు తీసిన వేళ మోకాటిలోతు బురదలో దిగి, కాళ్లు కోసుకొంటూ, గుల్లలు ఏరేవాళ్లం.

మా అవ్వ ధర్మాత్మురాలు. ఎవరైనా సజీవంగా ఉన్న చిప్పను పెకలించి తెస్తే ఆమెకు కోపం వచ్చేది. “ఖాళీవి ఏరుకోరా అబ్బయా, బతికుండేదాని జోలికి పోబాక” అనేది. మేము ఆ మాట జవదాటలేదు. ఖాళీ చిప్పలనే ఏరినాము. ప్రాణిహింస చేయలేదు గదా అని తృప్తిపడినాము. ఆ ఖాళీ చిప్పలే అన్నిటికంటె విలువైనవని మాకూ తెలియదు, పాపం మా అవ్వకూ తెలియదు.

ఎందువలన విలువైనవో చెప్పాలంటే ఆలుచిప్ప పుట్టుక చెప్పాలి. ముందుగా ఒక భేదం గమనించవలసి ఉన్నది. ముత్యాలనిచ్చే చిప్ప వేరు, మన ఏటిమొగలలో పెరిగే తినదగిన ఆలుచిప్ప వేరు; ఇవి రెండు వేరువేరు కుటుంబాలు. ముత్యపుచిప్ప సన్నని నారపోగులతో రాతిని పట్టుకొని ఉంటుంది. ఆలుచిప్ప అట్లా కాదు. అది ఒకసారి ఎక్కడ అతుక్కుంటే అక్కడే సిమెంటు పోసినట్లు పాతుకొనిపోయి, అక్కడే జీవితం గడుపుతుంది. మన తూర్పుతీరపు ఆలుచిప్పకు శాస్త్రజ్ఞులు మద్రాసు పేరు పెట్టినారు. ఇది చాలావరకు మొదట మగదిగా పెరిగి, తరువాత ఆడదిగా మారుతుంది. తల్లిచిప్ప లక్షలాది గ్రుడ్లను నీటిలోకి విడుస్తుంది. వాటిలో నుండి వెలువడిన పిల్లలు కంటికి కనబడనంత చిన్నవి. రెండు మూడు వారాలపాటు ప్రవాహంలో ఈదులాడుతాయి. ఆ వ్యవధిలో అవి వెదుకుకొనేది ఒక్కటే: కాలూనటానికి గట్టి చోటు. బురద పనికిరాదు, బురదలో పడినది ఊపిరాడక చస్తుంది. రాయి దొరికినా చాలును. కాని అవి అన్నిటికంటె మక్కువతో చేరేది తమ జాతి చిప్పమీదికే. పూర్వీకుల గుల్లమీద అతుక్కున్న పిల్ల పెరిగి, చచ్చి, తన గుల్లను రాబోయే పిల్లకు వదలిపోతుంది. ఈ విధంగా గుల్లమీద గుల్ల పేరుకొని కొన్ని శతాబ్దాలకు నీటి అడుగున ఒక గట్టు లేస్తుంది. చిప్పలగట్టు అంటే అదే. ఆ గట్టులో క్రిందివారందరూ పితృదేవతలు, పైవారు మాత్రమే సంతానం.

కనుక ఖాళీచిప్ప అంటే పాడుపడిన ఇల్లు కాదు. పుట్టబోయే బిడ్డకు సిద్ధంగా ఉంచిన ఇల్లు. మేము బుట్టలకెత్తినది ఆ ఇండ్లను.

గట్టు లేచినచోట ఇంకెన్నో ప్రాణులు చేరుతాయి. పీతలు సందులలో దాగుతాయి, రొయ్యపిల్లలూ చేపపిల్లలూ పెద్ద చేపల నోట పడకుండా అక్కడ తలదాచుకొంటాయి, నాచు పెరుగుతుంది. అల ఒడ్డును కోయకుండా గట్టు దాని ఉరవడిని తగ్గిస్తుంది. జర్మనీలో కీల్ విశ్వవిద్యాలయపు ఆచార్యుడు కార్ల్ మోబియస్ తమ తీరాన తరిగిపోతున్న ఆలుచిప్పలను పరిశీలించి, 1877లో ఒక గ్రంథం వ్రాసినాడు. ఆలుచిప్ప ఒంటరి ప్రాణి కాదనీ, అక్కడ ఉన్న సమస్తజీవులతో కలిసి అది ఒక సమాజమనీ చెప్పి, ఆ భావానికి ‘బయోసీనోసిస్’ అనే కొత్త పదాన్ని కల్పించినాడు. జీవసమాజమని మనం అనవచ్చును. ప్రకృతిని గురించి నేడు మనం మాట్లాడే భాషలో ఒక మూలపదం ఆలుచిప్పల దిబ్బమీద పుట్టినదని తెలిసినప్పుడు, భాషోపాధ్యాయుడనైన నాకు ఎంత ఆశ్చర్యం కలిగినదో చెప్పలేను.

ఇక ఆలుచిప్ప చేసే మరొక పనిని గ్రహించటానికి నాగోలు వాసులు ఎక్కడికో పోనక్కరలేదు. మా పేటలో మూసీ ఒడ్డున మురుగునీటిని శుద్ధిచేసే కర్మాగారం ఒకటి ఉన్నది. దినానికి 17 కోట్ల 20 లక్షల లీటర్ల మురుగును శుద్ధిచేసే సామర్థ్యంతో దానిని నిర్మించినారు. యంత్రాలు, విద్యుచ్ఛక్తి, సిబ్బంది, ధనం, ఇన్ని ఉంటే గాని జరగని పని అది. ఆలుచిప్ప ఆ కోవకు చెందిన పనినే కూలి అడగకుండా చేస్తుంది. మొప్పలగుండా నీటిని లాగుకొని, అందులోని సూక్ష్మమైన నాచునూ మట్టిరేణువులనూ పట్టి, తినదగినది తిని, తక్కినది ముద్దచేసి అడుగుకు దింపి, తేటనీటిని బయటికి వదలుతుంది. అమెరికా తీరపు ఆలుచిప్ప బాగా ఎదిగినది, పరిస్థితులు అనుకూలిస్తే, ఒక్క దినంలో 190 లీటర్ల వరకు నీటిని వడగట్టగలదని లెక్క. అట్లని పట్టణాల మురుగును చిప్పలకు అప్పగించి మనం చేతులు దులుపుకొనరాదు. మురుగులోని రోగక్రిములనూ లోహాలనూ అది తన మాంసంలోనే నిలువచేసుకొంటుంది; అటువంటి చిప్పను తిన్నవాడికి ముప్పు తప్పదు. కర్మాగారం చేయవలసిన పని కర్మాగారం చేయాలి, చిప్ప చేయవలసిన పని చిప్ప చేయాలి.

మానవుడు ఈ చిప్పపట్ల చేసినది దాదాపు ప్రపంచమంతటా ఒక్కటే. మాంసం తిన్నాడు, చిప్పను రోడ్లకు పరచినాడు, కాల్చి సున్నం చేసినాడు, పొలాలకు ఎరువుగా చల్లినాడు. తిన్నందువలన ఒక తరం పోయినది. చిప్పను తీసికొనిపోయినందువలన రావలసిన తరాలు పోయినవి. ప్రపంచంలోని ఆలుచిప్పల గట్లలో నూటికి 85 పాళ్లు నశించినవని 2011లో కొందరు శాస్త్రజ్ఞులు అంచనా వేసినారు. పగడపుదిబ్బలు నశిస్తున్నవంటే లోకం బాధపడుతున్నది. ఆలుచిప్ప గట్టు రంగురంగులది కాదు. బురదలో బూడిదరంగున పడి ఉంటుంది. కనుక దాని చావు ఎవరి కంటా పడలేదు.

అమెరికాలో చెసపీక్ అనే అఖాతం ఉన్నది. ఒకప్పుడు అక్కడి చిప్పలగట్లు నీటిపైకి తేలి ఓడలకు అడ్డుతగిలేవట. పంతొమ్మిదవ శతాబ్దంలో ఇనుప కొక్కేల వలలతో ఈడ్చి ఈడ్చి ఆ గట్లను నేలమట్టం చేసినారు. ఆ పైన రోగాలు వచ్చినవి, పొలాల ఎరువులు కొట్టుకొనివచ్చినవి. పూర్వం ఉన్న చిప్పలలో నూటికొక పాలు మాత్రమే మిగిలినవని తేలిన తరువాత అక్కడివారు కన్ను తెరచినారు. 2011 నుండి 2015 వరకు హారిస్ క్రీక్ అనే ఒక్క చిన్న పాయలోనే సుమారు 350 ఎకరాల మేర గట్లను తిరిగి నిలిపి, 200 కోట్లకు మించిన చిప్పపిల్లలను వాటిమీద విడిచినారు. న్యూయార్కు రేవులో 2014లో మొదలైన ఒక ఉద్యమం, 2035 నాటికి 100 కోట్ల చిప్పలను ఆ నీటికి తిరిగి ఇస్తామని సంకల్పించినది. అందులో పనిచేసేవారిలో పాఠశాల విద్యార్థులు ఉన్నారు.

పద్ధతి చూడబోతే సామాన్యమైనది. హోటళ్లలో తిని పారవేసిన చిప్పలను ప్రోగుచేస్తారు. రోగక్రిములు పోయేటట్లు నెలల తరబడి ఎండలో ఆరబెడతారు. శాలలో పుట్టించిన పిల్లలను తొట్లలో ఆ చిప్పలమీద అతుక్కొనేటట్లు చేస్తారు. పిమ్మట ఆ చిప్పలను పడవలలో తీసికొనిపోయి, పూర్వం గట్టు ఉన్న చోటనే జారవిడుస్తారు. తీసికొన్న ఇంటిని తిరిగి ఇచ్చివేయటమే ఈ శాస్త్రమంతటి సారం.

మరొక నియమం కూడా ఉన్నది. ఏ నీటికి ఆ నీటి చిప్పనే ఇవ్వాలి. త్వరగా పెరుగుతుంది గదా అని ఆసియా జాతి చిప్పను చెసపీకులో విడుద్దామని కొందరు ఆలోచించినారు. ఏండ్ల తరబడి విచారించిన పిదప 2009లో ఆ ఆలోచన మానుకొని, దేశీయజాతినే పెంచటానికి నిశ్చయించినారు. మోబియస్ పరిశీలించిన జర్మనీ తీరాన దేశీయపు చిప్ప అంతరించినది. పెంపకానికని తెచ్చిన పసిఫిక్ చిప్ప కట్టు తప్పి అక్కడ పరచుకొన్నది. ఒకసారి నీటిలో విడిచిన ప్రాణిని మరల వెనుకకు పిలువలేము.

మన తీరానికి ఈ విద్య కొత్తదా అంటే కాదు. మద్రాసు రాజధానిలో మత్స్యశాఖకు సేవచేసిన జేమ్స్ హార్నెల్ అనే ఆంగ్లేయుడు 1910లోనే పులికాట్ సరస్సులో ఆలుచిప్పల పెంపకానికి పూనుకొన్నాడు. ఫ్రాన్సుదేశంలో ఆర్కషాన్ అనేచోట సాగుతున్న పద్ధతిని మన దేశానికి అనువుగా మలచుకోవటమెట్లాగో ఒక వ్యాసమే వ్రాసినాడు. మా పల్లె ముంగిట జరిగిన ఆ ప్రయత్నం సంగతి నాకు నలభై ఏండ్లు దాటినదాకా తెలియనే తెలియదు. తరువాత 1970 ప్రాంతాల నుండి కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థవారు తూత్తుకుడిలో ఈ విద్యను సాధించినారు. పిల్లలను పట్టటానికి వారు వాడిన సాధనం ఏమిటో తెలుసునా? మన ఇండ్లమీది నాటుపెంకు. దానిమీద సున్నపు పూత! ఆర్కషానులోనూ అంతే. సున్నం పూసిన పెంకును నీటిలో ఉంచితే, ఈదులాడే పిల్ల దానిని చిప్పగా భావించి వచ్చి అతుక్కుంటుంది. ఎదిగిన తరువాత గీకితే గాయం తగలకుండా ఊడివస్తుంది. ఇంటిని కాల్చి సున్నం చేసినవాడు, ఆ సున్నాన్నే పూసి బిడ్డకు ఇల్లు కట్టియిచ్చినాడన్నమాట. ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

పెంపకం వేరు, గట్లను నిలపటం వేరు. పెంచిన చిప్పను కోసుకొని తింటాము; నిలిపిన గట్టును నిలిచి ఉండనివ్వాలి. అయినా పిల్లను పుట్టించటం, పట్టటం, పెంచటం తెలిసిన దేశానికి గట్టును నిలపటం అసాధ్యం కాదు. తీరవాసులు పూనుకొంటే నీటిసంపద నిలుస్తుందనటానికి పొరుగున కేరళలోని అష్టముడి సరస్సు సాక్ష్యం. అక్కడి బెస్తలు చిప్పజాతికే చెందిన మరొక ప్రాణిని పట్టి జీవిస్తారు. గ్రుడ్లు పెట్టే నెలలలో వేట మానటం, చిన్నవాటిని ముట్టకపోవటం అనే నియమాలను పాటించి, 2014లో సముద్ర సంరక్షణకు సంబంధించిన అంతర్జాతీయ ధ్రువపత్రాన్ని వారు పొందినారు. మన దేశంలో ఒక మత్స్యవృత్తికి అట్టి గౌరవం దక్కటం అదే మొదటిసారి.

పులికాట్ బెస్తలకు నియమం నేర్పవలసిన పనిలేదు. ఎవరు ఏ దినాన ఏ చోట వల వేయాలో చీట్లు వేసి, వంతులవారీగా పంచుకొనే ‘పాడు’ అనే కట్టుబాటు వారిలో తరతరాలుగా వచ్చినది. నీరు అందరిదీ అయినప్పుడు ఎవరిదీ కాకుండా పోకుండా కాపాడిన కట్టుబాటు అది. గట్టు కోసం కొంత అడుగును వేట లేకుండా విడిచిపెట్టవలసివస్తే, ఆ నిర్ణయం పట్టణంలో కూర్చున్నవారు కాదు, ఆ పాడు పెద్దలు చేయాలి. మేలుచోట్లు వారికి తెలిసినట్లు మనకు తెలియవు. అయితే సరస్సు నోళ్లు పూడిపోయి సముద్రపు నీరు రాకపోయినా, ఎండలకు నీరు ఇగిరి ఉప్పు మితిమీరినా, చిప్ప బ్రతకదు, చేపా బ్రతకదు. ముఖద్వారాల పూడిక తీయటం, అడుగున మిగిలిన గుల్లలను తవ్వకుండా వదలటం, ఇవి రెండూ మొదటి మెట్లు. గట్టు ఆ పైమాట.

గుల్లలు తీసి పొట్టపోసుకొన్నవారి మాటేమిటని ఎవరైనా అడుగవచ్చును. న్యాయమైన ప్రశ్న. బట్టీ దగ్గర పొగలో దగ్గుతూ పనిచేసినవారు ధనికులు కారు. నాతోపాటు బుట్టమోసిన పిల్లలలో చాలామంది బడికి వచ్చినవారూ కారు. నేను బడికి పోయి ఉపన్యాసకుడనైనాను కనుక నేడు వారికి నీతి చెప్పటం సులువు. ఆ నీతి నాకు వద్దు. తీసినవారికే తిరిగి వేసే పనికి కూలి ఇస్తే చాలును. బుట్ట అదే, చిప్ప అదే, మోకాటిలోతు నీరు అదే. నడిచే దిక్కు మాత్రం మారుతుంది.

ఇక హైదరాబాదు సంగతి. సముద్రం లేని మన నగరానికి ముత్యాల నగరమని పేరు. పత్తర్‌గట్టి అంగళ్లలో ఒకప్పుడు మెరిసిన ముత్యాలు పారశీకపు సింధుశాఖలో పుట్టినవి. నేడు మెరిసేవాటిలో పెక్కు చైనా చెరువులలో పెంచినవి. ఏ ముత్యం ఎంత ఖరీదు చేస్తుందో చెప్పగలవారు మన నగరంలో ఎందరో ఉన్నారు. చిప్ప ఖరీదు చెప్పగలవారు లేరు. మన వేదాంతులు భ్రాంతికి ఉదాహరణ చెప్పవలసివచ్చినప్పుడు, మెరిసే చిప్పను చూచి వెండి అనుకొన్నవాడిని చూపుతారు, శుక్తిరజతన్యాయమంటే అదే. వెండి కానిదానిని వెండి అనుకోవటం మొదటి భ్రాంతి. ఇల్లయినదానిని చెత్త అనుకోవటం రెండవ భ్రాంతి. మొదటి భ్రాంతి వలన చెడినవాడు ఒక్కడే. రెండవదాని వలన ఒక సరస్సే చెడుతుంది.

రేపు తరగతిలో నా సమాధానాన్ని సరిదిద్దుకోవాలి. ఆ అమ్మాయిని నిలిపి చెప్పాలి: “నిన్ను చూచి నవ్వటం మా తప్పు. చినుకు పడని చిప్పలే అమ్మా, నీటిని తేటపరచేవి. అవే అలకు అడ్డుపడేవి. చచ్చిన తరువాత కూడా తమ వీపుమీద బిడ్డలను మోసేవి. ముత్యం కన్న చిప్ప కవులకు కావాలి. ముత్యం లేని చిప్ప లోకానికి కావాలి.”

మా అవ్వ బ్రతికి ఉంటే ఆమెకూ ఒక మాట చెప్పేవాడిని. “బతికుండేదాని జోలికి పోవద్దన్నావు, మంచిదే అవ్వా. ఖాళీదాని జోలికి కూడా పోకుండా ఉండవలసింది” అని. ఆమె తన సున్నపుకాయ మూత పెట్టి, కాసేపు ఆలోచించి, “అట్టయితే తీసకపోయి మళ్లా ఆడే ఎయ్యండిరా” అని ఉండేది. శాస్త్రజ్ఞులు నూరేండ్లు శ్రమించి కనుగొన్నదీ ఆ మాటే.